అప్‌డేట్: చంద్రకాంత రాయి ఇక కదలడం లేదు

వెండి ఉంగరంలో పొదిగిన చంద్రకాంత రాయి, దాని చుట్టూ ఉన్న వెండి గూడు అంచుని ఎంత నొక్కినా కదులుతోందని, ఆ అంచు ముడత పడుతోందని పోయిన నెల అడిగాను కదా. తప్పు నొక్కే వరుసలోనే ఉంది. ఒకచోట మొదలుపెట్టి చుట్టూ నొక్కుతూ వెళ్లేదాన్ని, మిగులు వెండంతా చివర్లో పోగయ్యేది. మీరు చెప్పినట్టు గడియారంలో 12, 6, తర్వాత 3, 9, ఇలా ఎదురెదురుగా కొంచెం కొంచెంగా నొక్కాను. గూడు కట్టే పట్టీ కూడా 925 వెండి (92.5 శాతం వెండి) మానేసి, మెత్తగా వంగే 999 (దాదాపు స్వచ్ఛమైన వెండి) తీసుకున్నాను.

నొక్కే ముందు గూట్లో రాయి కింద దారం వేసి కొలత చూడమన్న సలహా మాత్రం బంగారం! రెండుసార్లు రాయి ఇరుక్కుంది, దారం లాగగానే పైకొచ్చింది. సుత్తి ముట్టలేదు, ఈ రాయి పొరల వెంట చీలుతుందిగా. నిన్న అమ్మ వేలికి తొడిగాను. చాలా థాంక్స్ అండీ.