పైథాన్‌లో ఓఎస్, షుటిల్, పాత్‌లిబ్: ఫైలు యజమాని మారకుండా తరలించడం ఎలా?

నమస్కారం. పాత లాగ్ ఫైళ్లను రోజూ రాత్రి వేరే డిస్కులోకి తరలించే పైథాన్ స్క్రిప్టు ఒకటి నా చేతికి వచ్చింది. లైనక్స్ సర్వర్, పైథాన్ 3.8. బయటి ప్యాకేజీలకు అనుమతి లేదు, పైథాన్‌తో పాటే వచ్చే ప్రామాణిక లైబ్రరీతోనే (ఫైళ్ల పనులకు అందులోని ఓఎస్, షుటిల్, పాత్‌లిబ్ మాడ్యూళ్లతో) నెట్టుకురావాలి.

మొదటి వరుసలోనే ఓఎస్ మాడ్యూల్‌లోని పేర్లన్నిటినీ నక్షత్రం గుర్తుతో గంపగుత్తగా ఇంపోర్ట్ చేశారు, ఎవరో మహానుభావులు! దాంతో ఫైలు తెరిచే మామూలు ఓపెన్ ఫంక్షన్ స్థానంలో ఓఎస్‌లోని ఓపెన్ వచ్చి కూర్చుంది. మోడ్‌గా 'డబ్ల్యూ' (రాయడానికి) ఇస్తే పూర్ణాంకం కావాలంటూ టైప్‌ఎర్రర్. ఇంపోర్ట్ ఓఎస్ అని మాత్రమే ఉంచాక ఆ గొడవ పోయింది.

అసలు చిక్కు వేరు. ఓఎస్‌లోని రీనేమ్ (ఫైలు పేరు, చోటు మార్చే ఫంక్షన్) రెండు డిస్కుల మధ్య పనిచేయక ఎర్రర్ 18 ఇస్తోంది. పాత్‌లిబ్ రీనేమ్‌దీ అదే దారి. షుటిల్‌లోని మూవ్ మాత్రం కాపీ చేసి పాతదాన్ని తొలగిస్తోంది. మార్పు తేదీ, అనుమతులు నిలుస్తున్నాయి కానీ, ఫైలు యజమానిగా స్క్రిప్టు నడిపే రూట్ (సర్వర్ నిర్వాహక ఖాతా) పేరు పడుతోంది.

యజమానిని కూడా కాపాడే ఫంక్షన్ ఏదైనా ఉందా? లేక ముందుగా ఓఎస్ స్టాట్‌తో యూఐడీ, జీఐడీ (యజమాని, గ్రూపు సంఖ్యలు) తీసుకుని, తరలించాక యజమానిని మార్చే ఓఎస్ చోన్‌తో మళ్లీ పెట్టాలా? సబ్‌ప్రాసెస్ (బయటి కమాండ్లను నడిపే మాడ్యూల్) ద్వారా ఫైళ్లను తరలించే లైనక్స్ ఎంవీ కమాండ్‌ను పిలవమని ఒకరన్నారు. నాకెందుకో అది మనసొప్పడం లేదు. ఇలాంటి పని చేసినవారు దయచేసి చెప్పగలరు.