రాక్షసగుళ్ళు: గుడియా, గూడా?

జర్మన్ చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్ 1807లో వేసిన ‘హ్యూనెన్‌గ్రాబ్ ఇమ్ ష్నే’ అనే చిత్రానికి తెలుగు పేరుగా నిన్న ఒకరు సూచించిన ‘మంచులో బృహచ్ఛిలా సమాధి’ (అంటే పెద్ద బండలతో కట్టిన ప్రాచీన సమాధి) అర్థానికి సరిపోతుంది గాని, అది పురావస్తు శాఖ బోర్డు మీది మాట. జర్మన్‌లో ‘హ్యూనె’ అంటే మహాకాయుడు, ‘గ్రాబ్’ అంటే సమాధి. అంత పెద్ద బండలను మామూలు మనుషులు ఎత్తలేరనుకున్న జనం పెట్టుకున్న పేరది. డ్రెస్డెన్‌లో ఉన్న ఆ చిత్రంలో ఆకులు రాలిన మూడు ఓక్ చెట్ల నడుమ సగం మంచు కప్పిన బండలు తప్ప మనిషి అలికిడి ఉండదు. ఆ చెట్లలో రెండింటికి తలలు విరిగిపోయి ఉంటాయి.

‘హ్యూనె’ మూలం హూణుల పేరే. అలాగని ‘హూణ సమాధి’ అందామంటే, ఇంగ్లీషును హూణభాష అన్న మన పాత పండితుల పుణ్యమా అని, అది ఏ దొరగారి గోరీయో అనుకునే ప్రమాదం ఉంది.

నిజానికి ఇదే ఊహతో పుట్టిన మాట మనకు ఉండనే ఉంది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా జానంపేట వంటి చోట్ల నిలువు రాతిపలకల మీద కప్పుబండ పెట్టి, చుట్టూ రాళ్ళు పేర్చిన సమాధులను రాక్షసగుళ్ళు అంటారు. రాకాసి గూళ్ళు అనే రూపమూ వినిపిస్తుంది. పలకల పెట్టెను చూస్తే గూడు అనిపిస్తుంది. చుట్టూ ఉన్న రాళ్ళను చూస్తే గుడి అనిపిస్తుంది, ఎందుకంటే గుడి అంటే దేవాలయమే కాదు, వలయం కూడా. చంద్రుని చుట్టూ కట్టే వరదగుడిలోనూ, అక్షరం మీద పెట్టే గుడిలోనూ ఉన్నది ఆ అర్థమే. వ్యుత్పత్తి ఇదేనని నేను పట్టుబట్టను.

ఇంగ్లీషు చిత్రకారుడు కాన్‌స్టబుల్ 1836లో ప్రదర్శించిన, ఇంగ్లండ్‌లోని ప్రాచీన రాతి వలయమైన స్టోన్‌హెంజ్ నీటిరంగుల చిత్రంలోని రాళ్ళను వర్ణించవలసి వస్తే, అది వలయం గనుక, నేను ‘రాకాసి గుడి’ అనే రాస్తాను. ఫ్రీడ్రిష్ గీసినది బండలు పేర్చి కట్టిన సమాధి. పైగా గుడి అనగానే పాఠకుడు లోపల దేవుణ్ణి వెతుక్కుంటాడు. అందుచేత ఆ చిత్రానికి నా ఓటు ‘మంచులో రాకాసి గూడు’కే.