సోప్రానోస్ ఆఖరి సీను: ఆ నల్లతెరను ఎలా చదవాలి? (స్పాయిలర్లు ఉన్నాయి)

రాత్రి_సీరియల్ అడిగిన ప్రశ్న:

అమెరికన్ మాఫియా టీవీ సిరీస్ "ద సోప్రానోస్" 86 ఎపిసోడ్లూ చూసేసినవాళ్లకే ఈ ప్రశ్న. చూడనివాళ్లు దయచేసి ఇక్కడే ఆగిపోండి.

2007 జూన్ 10న వచ్చిన ఆఖరి ఎపిసోడ్ "మేడ్ ఇన్ అమెరికా". అందులో ఆఖరి సీను. న్యూజెర్సీలో హోల్‌స్టెన్స్ అనే చిన్న హోటల్. మాఫియా నాయకుడు టోనీ, భార్య కార్మెలా, కొడుకు ఏజే కూర్చుని ఆనియన్ రింగ్స్ తింటున్నారు. బయట కూతురు మెడో రెండు కార్ల మధ్య తన కారు పెట్టలేక ముందుకీ వెనక్కీ తిప్పుతోంది. తలుపు గంట మోగుతుంది, టోనీ తలెత్తుతాడు, పాట మధ్యలో తెగిపోతుంది, తెర నల్లబడుతుంది. శుభం కార్డు సంగతి అటుంచండి, చిన్న చప్పుడు కూడా లేదు.

సిరీస్ సృష్టికర్త డేవిడ్ చేజ్ ఏ ఇంటర్వ్యూలో ఏమన్నాడో కాసేపు పక్కన పెడదాం. సీనులో కనిపించేదాన్ని, వినిపించేదాన్ని బట్టి టోనీ చనిపోయాడని చెప్పొచ్చా? ఆ హోటల్లో మెంబర్స్ ఓన్లీ బ్రాండ్ జాకెట్ వేసుకున్న మనిషికి వెనకటి ఎపిసోడ్లలో ఏమైనా ఆధారం ఉందా? అన్నీ మళ్లీ చూసే ఓపిక లేనివాళ్లు ఏవి చూస్తే సరిపోతుంది?

ఎడిటింగ్_బల్ల జవాబు:

చెప్పొచ్చు. ఆధారం కథలో కన్నా కటింగ్‌లో ఎక్కువ ఉంది.

ముందు సౌండ్ ఆపేసి చూడండి. టోనీ హోటల్లోకి వస్తాడు, నిలబడి లోపలికి చూస్తాడు. తర్వాతి షాటులో హోటల్ లోపలి భాగం కనిపిస్తుంది, టోనీ అప్పటికే టేబుల్ దగ్గర కూర్చుని ఉంటాడు. నడిచి వెళ్లడం లేదు, కూర్చోవడం లేదు. తనను తానే చూస్తున్నట్టు ఉంటుంది. "నేను చూపించే షాటు ఇతను చూస్తున్నది" అని దర్శకుడు మనకు మొదట్లోనే చెప్పేశాడన్నమాట.

ఆ తర్వాత వరస మొదలవుతుంది. గంట మోగుతుంది, టోనీ మొహం, ఆపైన తలుపు దగ్గర అతనికి కనిపించే మనిషి. మళ్లీ గంట, మొహం, మనిషి. కార్మెలా అలాగే వస్తుంది. జాకెట్ మనిషి వస్తాడు, అతని వెనకాలే ఏజే. ఈ మూడు ముక్కల వరసకు మన కన్ను తెలియకుండానే అలవాటు పడిపోతుంది. చివరిసారి గంట మోగుతుంది, మొహం వస్తుంది, మూడో ముక్క రావాల్సిన చోట నలుపు వస్తుంది. వరస ప్రకారం అది టోనీ చూస్తున్నది. అంటే అతను ఏమీ చూడట్లేదు. ఆ నలుపు షాటు అయిపోయాక వచ్చిన ఖాళీ కాదు, అదే ఆఖరి షాటు. దాదాపు 10 సెకన్లు ఉంచి, ఆ తర్వాతే క్రెడిట్స్ వేశారు, అవి కూడా పాట లేకుండా.

ఇప్పుడు తెర చూడకుండా వినండి. టోనీ టేబుల్ మీది జ్యూక్‌బాక్స్‌లో నొక్కిన పాట జర్నీ బ్యాండ్ వాళ్ల "డోంట్ స్టాప్ బిలీవింగ్", 1981 నాటిది. "డోంట్ స్టాప్" అన్న మాట దగ్గర తెగుతుంది. పాటతో పాటు హోటల్ రొద, గిన్నెల చప్పుడు, జనం మాటలు అన్నీ ఒక్కసారే పోతాయి. మామూలుగా సీను ముగిస్తుంటే శబ్దాన్ని మెల్లగా తగ్గిస్తారు, లేదా తర్వాతి దాని మీదికి లాగుతారు. ఇక్కడ చూసేవాడికి, వినేవాడికి ఒకే క్షణంలో అన్నీ ఆగిపోయాయి.

బ్లూమ్‌ఫీల్డ్_వీధి జవాబు:

కటింగ్ గురించి చెప్పింది బాగుంది గానీ, ఒక ఇబ్బంది ఉంది. సీను మొత్తం టోనీ చూపులో లేదు. మెడో బయట కారు తిప్పుతున్న షాట్లు అతనికి కనిపించే అవకాశమే లేదు. ఆమె రోడ్డు దాటి పరుగెత్తుకు రావడం కూడా అంతే. జాకెట్ మనిషి కౌంటర్ దగ్గర నుంచి ఇటు ఓరగా చూసే చూపు కూడా టోనీ గమనించినట్టు ఎక్కడా లేదు. కెమెరా ఇంత స్వేచ్ఛగా తిరిగాక, ఆ ఒక్క నలుపును మాత్రం టోనీ ఖాతాలో ఎలా వేస్తారు?

కథాపరంగా ఇంకా కష్టం. ఎవరు చంపించారు? అదే ఎపిసోడ్లో టోనీకి న్యూయార్క్ ముఠా వాళ్లతో రాజీ కుదిరింది. ఆ ముఠా నాయకుడు ఫిల్ లియోటార్డో పెట్రోల్ బంకు దగ్గర చచ్చాడు, అదీ అతని సొంత మనుషులైన బుచీ వాళ్లు "మీరు చేయాల్సింది చేసుకోండి" అన్నట్టు వదిలేశాకే. పగబట్టే మనిషే మిగల్లేదు.

టోనీ ముఠాలోని ప్యాట్సీ పారిసీ చేయించాడనే వాదన ఒకటి తిరుగుతుంటుంది. అతని కవల సోదరుణ్ని రెండో సీజన్లో టోనీ చంపించాడు, "ద బ్లూ కామెట్" ఎపిసోడ్లో టోనీ కుడిభుజం సిల్వియోకు తూటాలు తగిలినప్పుడు ప్యాట్సీ తప్పించుకున్నాడు. నిజమే. కానీ ప్యాట్సీ కొడుకూ మెడో పెళ్లి చేసుకోబోతున్నారు, కాబోయే వియ్యంకుణ్ని ఆ కుటుంబం ముందే చంపించాలంటే హోటల్ సీనులో ఒక్క ఆనవాలైనా ఉండాలి. లేదు.

స్పష్టంగా ఉన్న ప్రమాదం వేరే. తన ముఠాలోని కార్లో పోలీసుల వైపు తిరిగాడని టోనీ కార్మెలాకు చెప్పేది ఈ సీనులోనే. కేసు పడే అవకాశం 80, 90 శాతం ఉందని లాయర్ మింక్ అంతకుముందే చెప్పాడు. చావు గానీ జైలు గానీ, గంట మోగిన ప్రతిసారీ తలెత్తి చూడాల్సిన బతుకు ఇది. ఆ సీను పట్టుకున్నది ఆ బతుకునే అని నా అభిప్రాయం.

ఎడిటింగ్_బల్ల జవాబు:

మెడో షాట్ల విషయం ఒప్పుకుంటాను, కెమెరా టోనీకి కట్టుబడి లేదు. కానీ గంట, మొహం, చూపు అనే వరస మాత్రం సీనులో టోనీ ఒక్కడికే ఉంది. కార్మెలాకు లేదు, ఏజేకు లేదు. ఆఖరి కట్ ఆ వరసలోనే, టోనీ మొహం మీదే పడింది. మెడో మీద కట్ చేసి ఉంటే మీ వాదన గట్టిపడేది.

ఎవరు చంపారన్నది తెలియకపోవడం లోపం కాదు. ఈ సిరీస్‌లో తూటా తగిలేవాడికి ముందుగా ఏమీ తెలియదని ఆ సీజన్ అంతా నేర్పుతూనే ఉంది. "స్టేజ్ 5" ఎపిసోడ్లో న్యూయార్క్ ముఠా మనిషి గెర్రీ టోర్సియానోను హోటల్లో కాల్చిన తీరు చూడండి. పక్కన కూర్చున్న సిల్వియో మీద రక్తం చిందుతుంది, శబ్దం మందగిస్తుంది, ఏం జరిగిందో అతనికి ఆ తర్వాతే అర్థమవుతుంది.

గోదావరి_ఒడ్డు జవాబు:

జాకెట్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను.

ఆరో సీజన్ మొదటి ఎపిసోడ్ పేరే "మెంబర్స్ ఓన్లీ". అందులో టోనీ ముఠాలోని యూజీన్ పాంటెకోర్వో ఆ జాకెట్ వేసుకుంటాడు, తోటివాళ్లు దాన్ని ఎగతాళి చేస్తారు. అతను ఒక మనిషిని తినే చోటే కాల్చి చంపుతాడు. అదే ఎపిసోడ్ చివర్లో అంకుల్ జూనియర్ టోనీ పొట్టలో కాలుస్తాడు. ఆఖరి సీనులో మనిషికి క్రెడిట్స్‌లో పేరు లేదు, "మెంబర్స్ ఓన్లీ జాకెట్ వేసుకున్న మనిషి" అనే ఉంటుంది. అతను కౌంటర్ దగ్గర నుంచి లేచి టోనీ పక్కగా టాయిలెట్‌కు వెళ్తాడు. "ద గాడ్‌ఫాదర్"లో మైకేల్ టాయిలెట్‌లోంచి తుపాకీతో బయటకొచ్చే సీను టోనీకి ఎంత ఇష్టమో ఆరో సీజన్లోనే ఏజే తండ్రితో అంటాడు.

అయితే దారి తప్పించే మనుషులు కూడా అదే హోటల్లో ఉన్నారు. టోపీ పెట్టుకుని కాఫీ తాగే మనిషి, స్కౌట్ పిల్లలు, చివర్లో లోపలికి వచ్చే ఇద్దరు నల్లజాతి యువకులు. మొదటి సీజన్లో టోనీ మీద కాల్పులు జరిపింది అలాంటి ఇద్దరే కదా అని మన అనుమానం అటు పోతుంది. జాకెట్ మనిషి టాయిలెట్ వైపు వెళ్తున్నప్పుడు కూడా మన కళ్లు తలుపు మీదే ఉంటాయి. టోనీ కళ్లూ అక్కడే.

నాకు అన్నింటికన్నా విలువైనది ఏజే మాట. "మంచిగా గడిచిన క్షణాలు గుర్తుపెట్టుకోమని నువ్వే ఒకసారి అన్నావు కదా" అంటాడు. "నేనన్నానా?" అంటాడు టోనీ. 1999లో మొదటి సీజన్ ఆఖర్న, తుఫాను రాత్రి స్నేహితుడు ఆర్టీ హోటల్లో కొవ్వొత్తుల వెలుగులో పిల్లలకు చెప్పిన మాట అది. కొడుకు దాన్ని మొదట వెటకారంగానే ఎత్తుతాడు, కానీ గుర్తుపెట్టుకున్నాడు. చెప్పినవాడు మర్చిపోయాడు. టోనీ బతికాడా పోయాడా అన్నదాని మీద జరిగే చర్చలో ఈ రెండు ముక్కల సంభాషణ ఎప్పుడూ నలిగిపోతుంది, అది నాకు బాధగా ఉంటుంది.

పాత_డీవీడీ జవాబు:

మళ్లీ చూసేవాళ్లకు నా వరస ఇది: మొదటి సీజన్ ఆఖరి ఎపిసోడ్, ఆరో సీజన్ మొదటి ఎపిసోడ్, ఆ తర్వాత "సోప్రానో హోమ్ మూవీస్", "స్టేజ్ 5", "ద బ్లూ కామెట్", "మేడ్ ఇన్ అమెరికా".

వీటిలో "సోప్రానో హోమ్ మూవీస్" అస్సలు వదలొద్దు. సరస్సు మీద పడవలో టోనీ బావమరిది బాబీ అంటాడు, అది (తూటా తగలడం) జరిగినప్పుడు బహుశా వినిపించను కూడా వినిపించదేమో అని. టోనీ పుట్టినరోజుకు బాబీ తుపాకీ ఇచ్చేది కూడా అందులోనే. "ద బ్లూ కామెట్" చివర్లో టోనీ అదే తుపాకీని ఒళ్లో పెట్టుకుని పడుకుని ఉండగా ఆ పడవ మాటలు మళ్లీ వస్తాయి. ఆఖరి ఎపిసోడ్‌కు సరిగ్గా ముందు ఎపిసోడ్లో ఆ మాటను గుర్తుచేయడం ఊరికే జరిగిందంటే నేను నమ్మను.

చూసే పద్ధతి గురించి ఒక జాగ్రత్త. స్ట్రీమింగ్ యాప్‌లు క్రెడిట్స్ రాగానే తెరను చిన్నది చేసి ఇంకో సిరీస్ చూపిస్తాయి. అప్పుడు నలుపు తర్వాతి నిశ్శబ్దం పాడైపోతుంది. ముందే సెట్టింగ్స్‌లో ఆటోప్లే ఆపేయండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే తలుపు గంట స్పష్టంగా వినిపిస్తుంది. టీవీ స్పీకర్లలో అది పాట కింద మునిగిపోతుంది, దాంతో పైన చెప్పిన వరసే తెలియదు. చేజ్ అసలు క్రెడిట్సే వద్దనుకున్నాడు, అవి నడిచే సమయమంతా నలుపే ఉంచాలనుకున్నాడు. దర్శకుల సంఘమైన డైరెక్టర్స్ గిల్డ్ మినహాయింపు ఇవ్వలేదు.

ఎపిసోడ్ నంబర్లతో తికమక పడొద్దు. ఆరో సీజన్ రెండు భాగాలు, 2006లో 12, 2007లో 9. కొన్నిచోట్ల రెండో భాగాన్ని మళ్లీ 1 నుంచి లెక్కపెడతారు, కొన్నిచోట్ల 13 నుంచి. "సోప్రానో హోమ్ మూవీస్" అనేది ఆ 13వది, పేరు చూసి వెతకండి.