సాలలోనా, సాలులోనా? హబక్కూకు 3:17లో ఒక్క అక్షరం

కనిగిరి ఆడబిడ్డ:
అందరికీ వందనాలు. మా నాయన వారానికి మూడుసార్లు ఒంగోలులో డయాలసిస్‌కి పోతున్నాడు. మొన్న మిషన్ మీద ఉండగా, "మాయమ్మ ఒక వాక్యం చదివేది. గొడ్లు లేకపోయినా దేవుణ్ణి స్తుతిస్తానని. అది పెద్దక్షరాలతో రాసి నా మంచం పక్కన అంటించు" అన్నాడు. బైబిల్లో హబక్కూకు ప్రవక్త పుస్తకం మూడో అధ్యాయమని తెలుసు. చిక్కంతా ఒక్క అక్షరంతోనే. మా అవ్వ నోట విన్నది "సాలులో పశువులు లేకపోయినను". నాయన కూడా అట్లాగే అంటాడు. ఇంట్లో బైబిల్లో మాత్రం "సాలలో" అని ఉంది: "అంజూరపు చెట్లు పూయకుండినను ద్రాక్షచెట్లు ఫలింపకపోయినను ఒలీవచెట్లు కాపులేకయుండినను చేనిలోని పైరు పంటకు రాకపోయినను గొఱ్ఱెలు దొడ్డిలో లేకపోయినను సాలలో పశువులు లేకపోయినను", ఆ తర్వాత "నేను యెహోవాయందు ఆనందించెదను". అవ్వకు చదువు రాదు, గుళ్లో విని నేర్చుకుంది. కరువొచ్చి ఎద్దుల జత అమ్మేసిన ఏడు పలుపుతాళ్లు కొట్టంలో మేకుకే వేలాడుతుండేవి, గాడిలో నాలుగు చొప్ప పుల్లలు మిగిలినాయి. అవ్వ రోజూ పొద్దున్నే ఆ ఖాళీ కొట్టాన్ని ఊడుస్తా ఈ వాక్యం చదివేది. ఏది రాయమంటారు? అవ్వ చదివింది తప్పా?

పెన్నాతీరం:
సాలే తల్లీ. శాలకు వికృతి సాల. అశ్వశాల, గోశాల ఎట్లాగో పశువులసాల అట్లాగే. మీరు కొట్టం అంటారు, మా నెల్లూరు పక్క సావిడి అంటాం. సాలు అంటే నాగటి చాలు. పశువులు చాలులో ఎందుకుంటాయి?

పాలేటి గట్టు:
ఎందుకుంటాయి అంటారేంటన్నా, దున్నేటప్పుడు ఉండేది చాలులోనే కదా! "ఎద్దు సాలు తప్పింది" అని రోజూ అనుకునే మాటే. ఎద్దులమ్ముకున్న ఇంట్లో ముందు గుర్తొచ్చేది ఖాళీ చాలే. అవ్వ సరిగ్గానే చదివింది.

కావలి తెలుగు మాస్టారు:
భావం బాగుంది, వ్యాకరణం ఒప్పుకోదు. నాగటి చాళ్లే అయితే "సాళ్లలో" అని బహువచనం రావాలి. చేనంతటికీ ఒక్క చాలు ఉండదుగా. ఇంకొకటి, వాక్యం నడక చూడండి. అంజూరం, ద్రాక్ష, ఒలీవ: చెట్లు అయిపోయాయి. చేనిలోని పైరు: చేను అయిపోయింది. తర్వాత దొడ్డిలో గొఱ్ఱెలు. దొడ్డికి జోడీ సాల. చేను దాటి ఇంటికొచ్చినవాడు మళ్లీ చాలులోకి పోడు.

పాలేటి గట్టు:
మాస్టారూ, జోడీ అంటున్నారు కాబట్టి అడుగుతున్నా. "గొఱ్ఱెలు దొడ్డిలో" అన్నవాళ్లు "పశువులు సాలలో" అనాలి కదా. "సాలలో పశువులు" అని తిరగేశారేం? జోడీ అక్కడే విడిపోయింది.

కావలి తెలుగు మాస్టారు:
తిరగేస్తే విడిపోదు, ముడి పడుతుంది. గొఱ్ఱెలు, దొడ్డి, సాల, పశువులు. రెండు చోట్లూ మధ్యలో పక్కపక్కన నిలబడ్డాయి. హెబ్రీలోనూ ఇట్లాంటి ముడే ఉంది, కాకపోతే అక్కడ జీవాలు మధ్యలో పక్కపక్కన నిలబడి, స్థలాలు రెండు చివరలకు పోతాయి.

సండే స్కూల్ టీచరమ్మ:
హెబ్రీ దాకా వచ్చారు కాబట్టి చెప్తున్నా. అక్కడున్న మాట రెఫాతీమ్. బైబిలు మొత్తంలో ఈ ఒక్క వచనంలోనే వస్తుంది. పోల్చి చూడటానికి ఇంకో చోటు లేదు. గ్రీకు పాత నిబంధన చేసినవాళ్లు దానికి ఫాత్నే అని పెట్టారు, అంటే గాడి. లూకా రెండో అధ్యాయంలో మరియమ్మ బిడ్డను పరుండబెట్టిన "పశువుల తొట్టి" ఉందే, గ్రీకులో అదీ ఇదే మాట. నాకైతే సాల కంటే కూడా గాడే సరిపోతుందనిపిస్తుంది. చెల్లెమ్మా, మీరు రాసిన ఆ నాలుగు చొప్ప పుల్లల గాడి చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. ఖాళీ గాడి ముందు నిలబడి స్తుతించిన ఆమె ఎవరి గాడిని చూస్తోందో ఆమెకు తెలిసే ఉంటుంది.

పెన్నాతీరం:
టీచరమ్మా, మాట అద్భుతం. కానీ గాడి, సాల ఒకటి కాదు. గాడి సాలలో ఉంటుంది. తెలుగు చేసినవాళ్లు స్థలం చెప్పారు, వస్తువు చెప్పలేదు.

రెవెన్యూ రిటైర్డ్:
ఎవరూ ఎత్తని మూడో అర్థం ఒకటుంది. సాలు అంటే సంవత్సరం. సాలీనా అంటామే, అది. పాత లెక్కల్లో ఫసలీ సాలు అని రాసేవాళ్లం. "ఆ సాలులో పశువులు లేకపోయినను" అని అవ్వ ఆ కరువు ఏడాదిని తలుచుకుని ఉండొచ్చు.

కావలి తెలుగు మాస్టారు:
అది పారసీ నుంచి వచ్చిన సాలు, కచేరీ మాట. వాక్యంలో "ఆ" కూడా లేదు. అవ్వ నోటికి అది రాదండీ.

పాలేటి గట్టు:
గొడ్లు, కరువు అంటే మా పక్క గుర్తొచ్చేది గొల్ల వీరుడు కాటమరాజు కథే. పాలేటి పక్కనే ఎర్రగడ్డపాడు. వానల్లేక మేత అయిపోయి, ఆలమందల్ని నెల్లూరు సీమ బీళ్లకు తోలుకుపోయారు. పుల్లరి, అంటే మేత పన్ను దగ్గర నెల్లూరు రాజు మనుమసిద్ధితో చెడింది. చివరికి యుద్ధంలో ఆ రాజు సేనాని ఖడ్గ తిక్కన పడిపోయాడు. సాల ఖాళీ అయితే మా సీమలో రాజ్యాలే కదిలాయి. హబక్కూకు మా ఊరివాడిలాగే మాట్లాడాడని చిన్నప్పటి నుంచీ అనుకుంటా.

పెన్నాతీరం:
ఖడ్గ తిక్కన పేరెత్తావు కాబట్టి ఆ ఇంటి కవి తిక్కన్ననూ తలుచుకోవాలి తమ్ముడూ. భారతంలో ఆయన మొదలుపెట్టింది విరాటపర్వంతో. ఆ పర్వానికి ప్రాణం గోగ్రహణం. దక్షిణాన ఒకసారి, ఉత్తరాన ఒకసారి ఆవుల్ని తోలుకుపోతారు. పెన్న ఒడ్డున మంద విలువ తెలిసినవాడు కాబట్టే ఆ ఘట్టం అంత బిగువుగా నడిచింది. పోయిన మంద తిరిగొచ్చిన కథ అది. హబక్కూకులో మంద తిరిగి రాదు. తేడా చూడండి, పాట అయిపోయేదాకా సాల ఖాళీగానే ఉంటుంది.

కావలి తెలుగు మాస్టారు:
తిక్కన దగ్గరకు వచ్చాక నేనెట్లా ఆగుతాను! చిన్న చిన్న తెలుగు మాటలతో పెద్ద బరువు ఎత్తడం ఆయన దగ్గరే నేర్చుకోవాలి. ఈ వచనంలోనూ బరువంతా ఒక "ను" మోస్తోంది. పూయకుండినను, ఫలింపకపోయినను, కాపులేకయుండినను, రాకపోయినను, లేకపోయినను, లేకపోయినను. ఆరు. హెబ్రీలో "అయినా" అనే అర్థమిచ్చే మాట మొదట్లో ఒక్కసారే పెట్టి వదిలేస్తారు. తెలుగులో అది క్రియకు అంటుకోవాలి కాబట్టి ప్రతిసారీ చెప్పాల్సిందే. ఆరుసార్లు లేమి ఒప్పుకున్నాకే "నేను యెహోవాయందు" అని వస్తుంది. సాల, సాలు కొట్లాట కంటే నాకు ఈ ను ముఖ్యం.

గుండ్లకమ్మ ఒడ్డు:
మాస్టారు సరైన చోట వేలు పెట్టారు. నేనింకో రెండక్షరాలు ఎత్తుతా: "యందు". యెహోవాయందు ఆనందించెదను. కరువును బట్టి ఆనందించెదను అనలేదు. మా సంఘంలో కొందరు, "రోగం ఇచ్చినందుకు స్తోత్రం చెప్పు" అని మంచం మీదున్నవాళ్లను ఒత్తిడి చేస్తారు. అది విన్నప్పుడల్లా నాకు బాధే. థెస్సలొనీకయుల పత్రికలో "ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి" అని ఉంది. నందు, కొరకు కాదు. మీ నాయనకు ఎవరైనా అట్లా చెప్తే ఈ యందు చూపించమ్మా.

రెవెన్యూ రిటైర్డ్:
ఎఫెసీయులలో "సమస్తమునుగూర్చి" అని ఉంది కదా సార్. అక్కడ యందు లేదు.

గుండ్లకమ్మ ఒడ్డు:
ఉంది, కాదనను. దాని మీద నేనింకా తేల్చుకోలేదు. కానీ ఏడుపును మింగి చేసేది స్తుతి కాదని మాత్రం గట్టిగా అంటాను. ఇదే అధ్యాయంలో, ఈ పదిహేడో వచనానికి ఒక్క వచనం ముందే, ప్రవక్త పెదవులు వణుకుతాయి, ఎముకలు కుళ్లుతున్నాయంటాడు. వణుకుతూనే పాడాడు.
మా తాతల కథ ఇందుకే చెప్తాను. 1876 నుంచి 1878 దాకా ధాత కరువు అనే పెద్ద కరువు. ఒంగోలు మిషనరీ క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి కూలి ఇప్పించారు. ఆ పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు, కూటికోసం వచ్చారనే మాట రాకూడదని. ఆ పైనే, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మంది దిగారు. యోబు గ్రంథంలో సాతాను అడుగుతాడు చూడండి, "ఊరకయే" భయభక్తులు కలవాడాయెనా అని. ఊరకయే! ఎంత మంచి తెలుగు మాట. ఏమీ రాకపోయినా, ఉత్తినే, దేవుడనే ప్రేమిస్తాడా అని. స్తుతికి పరీక్ష అక్కడే జరుగుతుంది. చేతిలో ఏమీ లేనప్పుడు నోట్లోంచి వచ్చే మాటకు బేరం అంటదు.

పాలేటి గట్టు:
అన్నా, ఊరకయే గురించి వేరే పోస్టు పెట్టండి, దాని మీద నాకూ చెప్పాల్సింది ఉంది. కానీ సాలు సంగతి తేలలేదు. చదువు రాని అవ్వ తన చేను చూసుకుని ఒక అక్షరం మార్చుకుంటే అది తప్పు ఎట్లా అవుతుంది?

పెన్నాతీరం:
తప్పనలేదు తమ్ముడూ. వాక్యం రాసి పెట్టేటప్పుడు ఉన్నది ఉన్నట్టు రాయాలంటున్నా. రేపు మనవలు చదువుకుంటారు.

సండే స్కూల్ టీచరమ్మ:
మూడో అధ్యాయం చివర్లో ఇది తంతివాద్యం మీద పాడదగినదని ఉంటుంది. పాడే నోరు అక్షరాలను కొంచెం కదిపే తీరుతుంది. చెల్లెమ్మా, అవ్వతో కలిసి చదివినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా? అడిగి చూడండి.

కనిగిరి ఆడబిడ్డ:
అందరికీ వందనాలు. ఆసుపత్రి వరండాలో కూర్చుని ఇవన్నీ చదివాను. యందు మాట నాయనకు చెప్పాను, తలాడించాడు. పామూరులో ఉన్న మేనత్తకు ఫోన్ చేసి చదవమన్నాను. ఆమె ఆగకుండా గబగబా అప్పజెప్పింది. రికార్డు చేసి నాలుగుసార్లు విన్నాను. ఆమె అన్నది "సాల్లో పశువులు లేకపోయినను".

కావలి తెలుగు మాస్టారు:
సాల్లోనా? సాలలో కుదించినా సాల్లో అవుతుంది. సాలులో కుదించినా సాల్లోనే.

పాలేటి గట్టు:
అక్కా, ఇంకోసారి నిదానంగా చదవమని అడగవా?

కనిగిరి ఆడబిడ్డ:
అడిగాను. నిదానంగా చదివితే వాక్యం మర్చిపోతుందంట, గబగబా అయితేనే వస్తుందంట. నాయనకు ఇంకో గంట ఉంది మిషన్ మీద. మధ్య అక్షరం దగ్గర జాగా వదిలి మిగతాదంతా రాశాను, సాయంత్రం ఆయన్నే దిద్దమంటాను.