అమ్మమ్మ చీరలతో బొంత, చలిదేశానికి ఊలు టోపీ: ఏది ముందు, ఎలా కుట్టాలి?

ప్రశ్న (రాజమహేంద్రవరం నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. మా చెల్లెలు అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఉంటోంది, డిసెంబరులో పురుడు. అమ్మ నవంబరులో అక్కడికి ప్రయాణమవుతున్నారు కాబట్టి, ఆవిడ పెట్టెలో నా చేత్తో చేసినవి కొన్ని పెట్టి పంపాలని కోరికగా ఉంది. మా అమ్మమ్మగారి నేత చీరలు మూడు బీరువాలో ఉన్నాయి: ఒకటి వెంకటగిరి, రెండు మంగళగిరి. వాటితో బిడ్డకు బొంత కుట్టాలనీ, ఊలుతో టోపీ, మేజోళ్లు అల్లాలనీ, మరిదిగారికి ఒక మఫ్లరు కూడా ఇవ్వాలనీ అనుకుంటున్నాను. జాకెట్లు కుట్టుకునే అలవాటు ఉంది కనుక మిషన్ కుట్టుకు భయం లేదు గాని, ఊలు అల్లిక నాకు కొత్త. ఒక అమెరికా నమూనా చూసి ఇక్కడి దుకాణంలో 8 నంబరు సూదులు కొన్నాను; ఎంత జాగ్రత్తగా అల్లినా నమూనాలో చెప్పిన కొలత రావడం లేదు. పొరపాటు ఎక్కడుందో, పాత చీరలు బొంతకు నిలుస్తాయో లేదో దయచేసి తెలియజేయగలరు.

సమాధానం (నర్సాపురం నుంచి)

మీ అల్లికలో తప్పేమీ లేదండీ, తేడా అంతా సూదిలోనే ఉంది. మన దుకాణాల్లో దొరికే సూదులకు పాత బ్రిటిష్ నంబర్లు వేస్తారు. అందులో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికా నంబర్లు దీనికి పూర్తిగా తలకిందులు. వాళ్ల 8 అంటే 5 మిల్లీమీటర్ల సూది, మన 8 అంటే 4 మిల్లీమీటర్లది. కాబట్టి ఆ నమూనాకు మీరు మన 6 నంబరు సూదులు తెచ్చుకోవాలి. ఇకమీదట నంబరు అడగకుండా మిల్లీమీటర్లు అడిగి కొనండి. మా ఊరి లేసు పనిలో ఉన్నవారికి ఈ తంటా బాగా పరిచయం. క్రోషాలో, అంటే కొక్కెం సూదితో అల్లే పనిలో, అమెరికావారు సింగిల్ క్రోషే అని రాసిన కుట్టునే బ్రిటన్‌వారు డబుల్ క్రోషే అంటారు, నమూనా ఏ దేశానిదో చూసుకోకుండా మొదలుపెడితే మొత్తం విప్పుకోవలసి వస్తుంది.

టోపీకి నమూనా లేకపోయినా పని జరుగుతుంది. మీరు వాడబోయే ఊలుతో, ఆ సూదులతోనే అరచేతికంటే కొంచెం పెద్ద ముక్క అల్లి, దాన్ని ఉతికి ఆరబెట్టి, పది సెంటీమీటర్ల వెడల్పులో ఎన్ని కుట్లు వచ్చాయో లెక్కపెట్టండి. అప్పుడే పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు ఉంటుంది, కొన్ని నెలల్లోనే 40 దాటుతుంది. అందుకని ఎదిగే తలకే అల్లడం తెలివైన పని. తల 40 సెంటీమీటర్లు అనుకుంటే, అల్లిక సాగుతుంది కాబట్టి టోపీ 36 సెంటీమీటర్లు చాలు. మీ ముక్కలో పదికి 22 కుట్లు వచ్చి ఉంటే 36కు 79 వస్తాయి. రెండు నిట్ (సూటి కుట్టు), రెండు పర్ల్ (తిరగేసిన కుట్టు) చొప్పున వేసే రిబ్బు అంచు, అంటే నిలువు గట్లతో సాగే అంచు కోసం నాలుగుతో భాగించబడే సంఖ్య కావాలి కనుక 80 కుట్లతో మొదలుపెట్టండి.

మఫ్లరు విషయంలో ఒక్క మాట. ఒక వరుస నిట్, ఒక వరుస పర్ల్ చొప్పున నున్నగా అల్లితే రెండు పక్కలా చుట్టుకుపోయి గొట్టంలా తయారవుతుంది, ఇస్త్రీ చేసినా దారికి రాదు. అన్ని వరుసలూ నిట్టే వేయండి, లేదా అంతా రిబ్బు వేయండి. అయినా కొత్తవారు నవంబరులోగా ఇవన్నీ పూర్తి చేయడం కష్టం. మఫ్లరు వచ్చే చలికాలానికి వాయిదా వేసుకోమనే నా సలహా.

సమాధానం (మిన్నెసోటాలో ఉంటున్న సభ్యురాలు)

మీ చెల్లెలి ఊరి చలి నాకు తెలుసు కనుక రెండు సంగతులు చెబుతాను. చేత్తో చేసిన కానుక ఇక్కడ వాడుకలో ఉంటుందా, అటకెక్కుతుందా అన్నది ఉతుకు దగ్గర తేలిపోతుంది. పసిబిడ్డ ఉన్న ఇంట్లో బట్టలన్నీ వాషింగ్ మిషన్‌లోకి, అక్కడినుంచి వేడిగాలి డ్రయ్యర్‌లోకి వెళ్తాయి. విడిగా చేత్తో ఉతికి నీడన ఆరవేసే తీరిక బాలింతకు ఉండదు. మామూలు గొర్రె ఉన్ని అందులో పడితే ముడుచుకుని గట్టిపడిపోతుంది. కాబట్టి ఆక్రిలిక్ ఊలు గాని, మిషన్‌లో ఉతకవచ్చని చీటీ మీద రాసి ఉన్న ఉన్ని గాని, నూలు దారం గాని వాడండి. ఆక్రిలిక్ మీద మాత్రం వేడి ఇస్త్రీ పెట్టకండి, కరిగి అతుక్కుపోతుంది.

రెండవది భద్రత గురించి. ఇక్కడి పిల్లల వైద్యులు మొదటి ఏడాదంతా ఉయ్యాల మంచంలో బొంత, దుప్పటి, దిండు ఏదీ ఉంచవద్దని గట్టిగా చెబుతారు. ఇంట్లో పడుకునేటప్పుడు టోపీ కూడా పెట్టనివ్వరు. ఈ మాట ముందుగా అమ్మగారి చెవిన వేయండి, లేకపోతే అమ్మమ్మగారి బొంత మనవడికో మనవరాలికో కప్పనివ్వడం లేదని అక్కడికి వెళ్లాక ఆవిడ నొచ్చుకుంటారు. అలాగని బొంత వృథా కాదు. నేలమీద పరిచి బిడ్డను మెలకువగా ఉన్నప్పుడు బోర్లా పడుకోబెట్టడానికి, నూనె రాసి ఒళ్లు పట్టడానికి అంతకంటే మెత్తనిది దొరకదు. కారు సీటులో పట్టీలు బిగించాక పైన కప్పడానికీ పనికొస్తుంది. టోపీకి బొత్తాలు, గడ్డం కింద కట్టే తాళ్లు పెట్టకండి. బొత్తాం ఊడితే నోట్లోకి, తాడు జారితే మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది.

అడిగినవారి మరో ప్రశ్న

ఇద్దరికీ కృతజ్ఞతలు. సూది మార్చగానే కొలత సరిపోయింది. మఫ్లరు మాట వదిలేశాను. చీరలు బయటికి తీసి చూస్తే మంగళగిరి చీరల్లో ఎర్రది నీళ్లలో ఇంకా రంగు వదులుతోంది. ఉప్పు నీళ్లలో నానబెడితే ఆగుతుందంటున్నారు. బొంతను చేత్తో కుట్టాలా, మిషన్ మీదా అన్నది కూడా తేల్చుకోలేకపోతున్నాను.

సమాధానం (నర్సాపురం నుంచి)

ఉప్పు మీద నాకు నమ్మకం లేదండీ. అద్దకం అయిపోయిన బట్టలో వదులుగా మిగిలిన రంగును ఉప్పు పట్టి ఉంచదు. నీళ్లు తేటగా వచ్చేదాకా విడిగా ఉతకండి. చివర్లో తడి బట్ట మీద తెల్ల గుడ్డ వేసి గట్టిగా నొక్కి చూడండి, మరక పడితే ఆ చీరను ఈ పనికి వాడకండి. బిడ్డ నోట్లో పెట్టి చప్పరించే బట్ట అది.

మిగిలిన చీరలను వెలుతురుకు పట్టి చూడండి. మడమలు తగిలే కింది అంచు, లోపల దోపుకునే కొస సాధారణంగా ముందు పలచబడతాయి. రెండు బొటనవేళ్ల మధ్య పట్టి లాగితే పోగులు విడిపోయే చోటు ఉంటే కత్తిరించి పారేయకండి, లోపలి పొరకు వేయండి. జరీ అంచు మాత్రం పూర్తిగా తీసేయాలి, పసి ఒంటికి గీరుకుంటుంది. అంచు పోగా దాదాపు మీటరు వెడల్పు మిగులుతుంది. 90 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున కత్తిరిస్తే అయిదున్నర మీటర్ల చీరలో ఆరు ముక్కలు వస్తాయి. పసిబిడ్డ బొంతకు మూడు పొరలు చాలు, దూది అక్కర్లేదు.

పొరలన్నీ ముందే ఉతికి, ఇస్త్రీ చేసి, నేలమీద పరిచి, మధ్యనుంచి అంచులవైపు అరచేత్తో సర్దుకుంటూ వెళ్లండి. అంచునుంచి మొదలుపెడితే ముడత అంతా నడుమకు చేరి అక్కడే ఉండిపోతుంది. జానెడు దూరంలో పొడుగు టాకాలు (పొరలు కదలకుండా వేసే తాత్కాలిక కుట్లు) వేశాక అసలు కుట్టు చేత్తోనే వేయడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే పలచబడిన నేత బట్టను మిషన్ కింది పళ్లు లాగేస్తాయి, పై పొర జరిగిపోతుంది. రెండు వేళ్ల ఎడంతో వరుసలు, ఒంటి పోగు నూలు దారం, దారాన్ని బిగించి లాగకుండా నడిపించండి. దారం బట్టకంటే గట్టిదైతే లాగుడు పడినప్పుడు బట్ట చిరుగుతుంది, మెత్తని దారమైతే అదే తెగుతుంది, మళ్లీ కుట్టుకోవచ్చు. నాలుగు అంచులకూ పట్టీ వేయడానికి మాత్రం మిషన్ వాడండి, డ్రయ్యర్‌లో మొదట విడిపోయేది అంచే. పట్టీ వేసేచోట పొరలు పెరుగుతాయి కనుక 14 నంబరు సూది పెట్టి, కుట్టు కాస్త పొడుగు చేసుకోండి.

మీరు లెక్క వేసుకున్నారో లేదో, ఒక్కో చీరలో ఆరు ముక్కలంటే రెండేసి బొంతలు. మీ ఎర్ర చీర పక్కన పెట్టినా, మిగిలిన రెండింటితో చెల్లెలికి ఒకటి ఉతుకులో ఉండగా ఇంకొకటి చేతికందేలా రెండు పంపవచ్చు.