మూర్ఛవ్యాధి సదస్సుకు ఉమ్మడి పరిశోధన వర్క్‌షాప్ ప్రతిపాదన: మీ అనుభవాలు చెప్పండి

పిల్లల న్యూరాలజీ వైద్యురాలు

నమస్కారం. మూర్ఛవ్యాధిపై జరగబోయే ఒక వైద్య సదస్సుకు 3 గంటల ఉమ్మడి పరిశోధన వర్క్‌షాప్ ప్రతిపాదన రాస్తున్నాను. మందులకు లొంగని మూర్ఛవ్యాధి ఉన్న పిల్లలు శస్త్రచికిత్సకు ముందు జరిపే పరీక్షల దాకా చేరడంలో జరుగుతున్న ఆలస్యం మా అంశం. 2017లో వెలువడిన ఒక క్లినికల్ ట్రయల్‌లో అలాంటి పిల్లలు 116 మంది పాల్గొన్నారు. ఏడాది గడిచేసరికి శస్త్రచికిత్స జరిగినవారిలో 77 శాతం మందికి మూర్ఛలు ఆగిపోగా, మందులతోనే కొనసాగినవారిలో 7 శాతం మందికే ఆగాయి. ఇంత తేడా ఉందని తెలిసిన తరువాత కూడా పిల్లలు ఏళ్ల తరబడి మందులు మార్చుకుంటూ ఉండిపోవడం నాకు చాలా బాధ కలిగిస్తోంది.

గత ఏడాది ఇదే అంశంపై మేము పంపిన ప్రతిపాదనను ‘ఇది ఉపన్యాసాల వరుసే తప్ప వర్క్‌షాప్ కాదు’ అని తిప్పి పంపారు. ఆరుగురు వక్తలకు తలా 25 నిమిషాలు, చివర అరగంట చర్చ అని రాశాము కాబట్టి ఆ మాటను కాదనలేను. ఇప్పుడు దీన్ని ఎలా మలచాలి?

సదస్సు కార్యక్రమ సంఘంలో పనిచేసినవాడిని

డాక్టర్ గారూ, మూడేళ్లపాటు ఇలాంటి ప్రతిపాదనలు చదివాను. ఈ పని ఒక్క ఆసుపత్రి వల్ల కాదని మొదటి పేరాలోనే తెలుస్తోందా అన్నదే నేను ముందుగా చూసేవాణ్ణి. గర్భిణులు వాడే మూర్ఛ మందుల విషయం తీసుకోండి. మూర్ఛ మందులు వాడే గర్భిణుల వివరాలను అనేక దేశాల నుంచి సేకరించే, 1999లో మొదలైన యూరాప్ (EURAP) రిజిస్ట్రీ 2018లో ప్రచురించిన విశ్లేషణలో 42 దేశాలకు చెందిన 7,355 గర్భాల వివరాలు ఉన్నాయి. వాల్ప్రోయేట్ ఒక్కటే వాడిన తల్లుల బిడ్డల్లో పెద్ద పుట్టుకలోపాలు 10 శాతానికి పైగా ఉన్నాయనీ, లామోట్రిజిన్, లెవెటిరాసెటమ్ విషయంలో అవి 3 శాతానికి లోపేననీ అందులో తేలింది. ఏ ఒక్క కేంద్రమూ తన రోగులతో మాత్రమే ఆ తేడాను పట్టుకోగలిగేది కాదు.

మీ అంశానికి కూడా అంతటి బలం ఉంది, కానీ అది మీరు చెప్పిన చోట లేదు. ఆలస్యం ఉందని సదస్సుకు వచ్చేవారందరికీ తెలుసు. ఆ ఆలస్యాన్ని ఏ రోజు నుంచి లెక్కించాలో మాత్రం ఎవరూ ఒక్క మాట మీద లేరు. మూర్ఛవ్యాధిపై పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐఎల్ఏఈ (ILAE) 2010లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, సరిగ్గా ఎంచుకుని, తగినట్లు వాడి, రోగి తట్టుకోగలిగిన రెండు మందుల ప్రయత్నాలు మూర్ఛలను నిలకడగా ఆపలేకపోతే అది మందులకు లొంగని మూర్ఛవ్యాధి. నిలకడగా ఆగడమంటే కనీసం 12 నెలలు, లేదా చికిత్సకు ముందు రెండు మూర్ఛల మధ్య గడిచిన అతి పెద్ద విరామానికి మూడు రెట్లు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అంత కాలం మూర్ఛ రాకుండా ఉండటం. ఇక రెండో మందు ఓడిపోయిన తేదీ ఏది? మూర్ఛ తిరిగి వచ్చిన రోజా, మోతాదు పెంచినా ఫలితం లేదని వైద్యుడు రాసిన రోజా, మూడో మందు మొదలుపెట్టిన రోజా? ఈ ఒక్క ప్రశ్నకే మీ 3 గంటలూ కేటాయించవచ్చు.

గణాంక విభాగం నుంచి

పై మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఎనిమిది కేంద్రాల సమాచారాన్ని కలిపే పనిలో నేను పాల్గొన్నప్పుడు, మూర్ఛలు ఎంత తరచుగా వస్తున్నాయన్న ఒక్క గడిలోనే మేము ఓడిపోయాము. ఒక కేంద్రం నెలకు ఎన్ని మూర్ఛలో అంకె రాసింది, మరొకటి ‘అప్పుడప్పుడు’ అని రాసింది, ఇంకొకటి మూర్ఛలు వచ్చిన రోజులను లెక్కపెట్టింది. రోజుకు ఇరవై మూర్ఛలు వచ్చే బిడ్డా, రోజుకు ఒకటి వచ్చే బిడ్డా ఆ మూడో లెక్కలో ఒకటే అయిపోయారు. ఏడాది శ్రమలో సగం ఈ గడిని సరిచేయడానికే పోయింది.

అందువల్ల నా సూచన ఇది. వర్క్‌షాప్‌కు రెండు వారాల ముందు పాల్గొనేవారందరికీ పది కల్పిత కేసులు పంపి, ప్రతి బిడ్డ విషయంలో ఆలస్యం మొదలైన తేదీని ఎవరికి వారే గుర్తించి పంపమని అడగండి. ఆ సమాధానాలను మొదటి 20 నిమిషాల్లో తెర మీద చూపిస్తే, ఎక్కడ విభేదిస్తున్నారో అక్కడి నుంచే చర్చ మొదలవుతుంది. చివరి గంటలో సవరించిన నిర్వచనంతో మరో ఐదు కేసులు ఇచ్చి, ఏకాభిప్రాయం పెరిగిందో లేదో కొలవండి. అన్ని కేంద్రాలూ పిల్లల వివరాలు నింపే ఉమ్మడి ఫారంలో మాత్రం పదిహేను గడులకు మించి ఉండకూడదు, ఎందుకంటే అంతకన్నా పెద్ద ఫారాన్ని ఓపీ ఒత్తిడిలో ఎవరూ పూర్తిగా నింపగా నేను చూడలేదు.

ఒక తల్లి

నేను వైద్యురాలిని కాను. మా అబ్బాయికి నాలుగో ఏట మూర్ఛ మొదలైంది, పదకొండో ఏట శస్త్రచికిత్స జరిగింది. ఇలాంటి ఒక సమావేశానికి నన్ను పిలిచి, చివరి పది నిమిషాల్లో మా అనుభవం చెప్పించారు. అందరూ శ్రద్ధగా విన్నారు, కానీ అప్పటికే తీర్మానాలన్నీ రాసేసి ఉన్నాయి. అందుకే తల్లిదండ్రులను, మూర్ఛతో పెరిగి పెద్దయినవారిని ప్రతిపాదన రాసేటప్పుడే కలుపుకోవాలని కోరుతున్నాను.

ఏడేళ్ల మా ఆలస్యంలో రెండేళ్లు ఆసుపత్రి వల్ల జరగలేదు. వైద్యులు శస్త్రచికిత్స మాట ఎత్తినా, మెదడుకు ఆపరేషన్ అనేసరికి మేము భయపడి వెనక్కి తగ్గాము. మీ ఫారంలో ఆ రెండేళ్లకు చోటు ఉందా? పదిహేను గడులే ఉండాలంటే ఇలాంటిదే ముందుగా కొట్టేస్తారేమోనని నా భయం.

గణాంక విభాగం నుంచి

అమ్మా, మీ భయం సరైనదే, నేను తొందరపడి చెప్పాను. ఒకే తేదీ రాయడానికి బదులు మూడు తేదీలు రాస్తే సరిపోతుంది: రెండో మందు ఓడిపోయిన తేదీ, వైద్యుడు పరీక్షలకు వెళ్లమని మొదట చెప్పిన తేదీ, కుటుంబం ఒప్పుకున్న తేదీ. వైద్యుల వల్ల జరిగిన ఆలస్యం, కుటుంబం వెనుకాడిన కాలం అప్పుడు విడివిడిగా కనిపిస్తాయి. వీటికి పరిష్కారాలు కూడా వేరువేరు కాబట్టి, ఈ గడులకు చోటివ్వడానికి మిగతావాటిలో రెండింటిని తీసేస్తాను.

పరిశోధన సమన్వయకర్త

వర్క్‌షాప్ ముగిసిన మరునాడు ఏం జరుగుతుందో కూడా రాయండి. మా వర్క్‌షాప్‌లో పద్నాలుగు కేంద్రాలు ఎంతో ఉత్సాహంగా చేతులెత్తాయి. ఆరు నెలల తరువాత చూస్తే ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు చేసినవి రెండే. ఎవరు ఏ పని చేయాలో, డేటా ఎవరి దగ్గర ఉంటుందో, వ్యాసంలో రచయితల పేర్లు ఎలా నిర్ణయిస్తారో మేము రాసుకోలేదు. ఈ మూడు విషయాలపై ఒక పేజీ ఒప్పందం ముసాయిదాను ప్రతిపాదనతోనే జతచేయడం మంచిది.

రోగుల సమాచారాన్ని బయటికి పంపడానికి అనేక ఆసుపత్రులు జంకుతాయి. దీనికి ఒక దారి ఉంది. అనేక దేశాల పరిశోధకులు కలిసి పనిచేసే ఎనిగ్మా (ENIGMA) మూర్ఛవ్యాధి బృందం 2018లో ప్రచురించిన అధ్యయనంలో 24 కేంద్రాలకు చెందిన 2,149 మంది రోగుల మెదడు స్కాన్లను, 1,727 మంది ఆరోగ్యవంతుల స్కాన్లతో పోల్చింది. ప్రతి కేంద్రమూ తన స్కాన్లను ఒకే పద్ధతిలో తన వద్దే కొలిచి, ఆ కొలతలను పంచుకుంది. మీకు కావలసింది తేదీల మధ్య వ్యవధులే కాబట్టి, అసలు తేదీలను కూడా ఆసుపత్రి దాటించకుండా రోజుల లెక్క మాత్రమే పంపమని అడగవచ్చు.

పిల్లల న్యూరాలజీ వైద్యురాలు

అందరికీ ధన్యవాదాలు. మీ సూచనలతో ప్రతిపాదనను తిరిగి రాశాను. వక్తలు ఒక్కరే ఉంటారు, ఆ ప్రసంగమూ పది నిమిషాలే. పది కేసులూ ముందే పంపుతాము. మూడు తేదీల ఫారాన్ని వైద్యులు, గణాంక నిపుణులు, తల్లిదండ్రులు కలిసి కూర్చునే చిన్న బృందాలు పరీక్షిస్తాయి. పైన రాసిన అమ్మ గారు ఒప్పుకుంటే ప్రతిపాదకుల్లో ఒకరిగా ఆవిడ పేరు చేరుస్తాము. ఒక సందేహం మిగిలింది: ఫలితంగా పరిశోధన వ్యాసం వస్తుందని రాయవచ్చా?

సదస్సు కార్యక్రమ సంఘంలో పనిచేసినవాడిని

వ్యాసం సంగతి రాయకండి, అది మీ ఒక్కరి చేతిలో లేదు. నిర్వచనం, ఫారం, రెండు విడతల్లో కొలిచిన ఏకాభిప్రాయం అదే రోజు మీ చేతికి వస్తాయి కనుక వాటినే ఫలితాలుగా చూపండి. ఆ ఫారంతో మూడు కేంద్రాలు తలా ఇరవై మంది పిల్లల వివరాలు నింపి చూసే గడువును ఆరు నెలలుగా పెట్టి, ఆ కేంద్రాల అంగీకార లేఖలను ఇప్పుడే తీసుకోండి.

ఒక తల్లి

ఒప్పుకుంటున్నాను, డాక్టర్ గారూ. ఆ పది కేసుల్లో కనీసం రెండు, మాలాగా కుటుంబం వెనుకాడినవి ఉండేలా చూడండి. అవి రాయడానికి నేను సాయం చేస్తాను.