చర్చి వాలీబాల్ లీగ్‌లో కుర్రాడి మీద అరిచాను, ఇప్పుడు రావడం మానేశాడు. ఎలా మాట్లాడాలి?

లిఫ్టర్41:
అందరికీ వందనాలు. ఆరు సంఘాలు కలిసి ప్రతి శనివారం సాయంత్రం వాలీబాల్ లీగ్ ఆడుకుంటాం. కప్పు, ప్రైజు ఏమీ లేవు. నాకు 41 ఏళ్లు, కాలేజీ నుంచీ లిఫ్టర్‌గానే (స్మాష్ కొట్టేవాళ్లకు బంతి ఎత్తి ఇచ్చేవాడిగా) ఆడుతున్నాను. మా జట్టులో తొమ్మిది మందిమి. ముగ్గురం మాత్రమే ఒకప్పుడు గట్టిగా ఆడినవాళ్లం. మిగతావాళ్లలో క్వైర్‌లో పాడే అక్క, సండేస్కూల్ టీచరు, యూత్ పిల్లలు ఉన్నారు.

రెండు వారాల కిందట ఆఖరి సెట్, 13–13. అవతలి వైపు నుంచి ఫ్లోట్ సర్వీస్. ఆడేవాళ్లకు తెలుసు, ఆ బంతి తిరగకుండా వచ్చి చివర్లో ఎటో వాలిపోతుంది. నేను నెట్ దగ్గర చేతులెత్తి పాస్ కోసం చూస్తున్నాను. వెనక మధ్యలో మా పదహారేళ్ల కుర్రాడు. బంతి వాడి ఎడమ మణికట్టుకు తగిలి బయటికి పోయింది. తర్వాతి సర్వీసూ అటే వేశారు. ఈసారి వాడు అసలు కదల్లేదు, బంతి వాడికి, సండేస్కూల్ టీచరుకి మధ్య పడింది. 13–15, మ్యాచ్ అయిపోయింది. నేను వెనక్కి తిరిగి "ఆట రాకపోతే పక్కన కూర్చో, వచ్చినవాళ్లు ఆడతారు" అని అరిచాను. రెండు జట్లూ విన్నాయి.

వాడు ఒక్క మాట అనలేదు. జెర్సీ విప్పి, లోపలి టీషర్టుతోనే నిలబడి, దాన్ని మడత పెట్టాడు. చేతులు లోపలికి, నంబరు పైకి వచ్చేలా, ఇస్త్రీ చొక్కాని మడిచినట్టు. బెంచీ మీద పెట్టి వెళ్లిపోయాడు. మ్యాచ్ కాగానే అందరం గుండ్రంగా నిలబడి ప్రార్థన చేసుకుంటాం. ఆ రోజు ప్రార్థన వంతు నాది. చేశాను కానీ ఏం పలికానో నాకే తెలియదు.

పోయిన శనివారం వాడు రాలేదు. ఆదివారం చివరి వరసలో కూర్చుని, దీవెన ప్రార్థనకు ముందే లేచి వెళ్లాడు. వాళ్లమ్మ మాత్రం నాతో ఎప్పటిలాగే నవ్వుతూ మాట్లాడింది. అంటే ఇంట్లో చెప్పలేదన్నమాట. అది నాకు ఇంకా కష్టంగా ఉంది.

అడిగేది రెండు విషయాలు. వాడితో విడిగా మాట్లాడాలా, జట్టు ముందు మాట్లాడాలా? రెండోది, బాగా ఆడేవాళ్లు, కొత్తవాళ్లు కలిసి ఆడే చోట మీరు ఆటను ఎలా నడుపుతున్నారు? గెలవాలని నాకు ఉంటుంది, అది తప్పని కూడా అనుకోను. కానీ దాని కోసం ఒక పిల్లవాడు చర్చికి రావడానికి మొహమాటపడే పరిస్థితి రాకూడదు.

వెనక_వరస:
తమ్ముడూ, ఆ కుర్రాడి వయసులో ఆ మాట పడినదాన్ని నేను. నా మీద అరిచిన అన్న తర్వాత మా నాన్న ద్వారా సారీ చెప్పించాడు. దాంతో ఇంట్లో అందరికీ తెలిసింది, నాకు రెండోసారి తల కొట్టేసినట్టయింది. వాడు ఇంట్లో చెప్పలేదంటే చెప్పకూడదనుకున్నాడు. కాబట్టి వాళ్లమ్మతో గానీ, పాస్టరు గారితో గానీ అనొద్దు. ఫోన్‌లో మెసేజ్ కూడా వద్దు. ముందు నువ్వే వెళ్లి విడిగా మాట్లాడు. "కోపంలో అన్నాను కానీ..." అని మొదలుపెట్టకు. ఆ "కానీ" తర్వాత ఏం చెప్పినా వాడికి మళ్లీ తప్పు తనదే అన్నట్టు వినిపిస్తుంది.

జట్టు ముందు కూడా చెప్పాలి, ఎందుకంటే అరిచింది అందరి ముందే. కాకపోతే వాడు లేనప్పుడు చెప్పు. వాడిని మధ్యలో నిలబెట్టి క్షమాపణ చెబితే వాడికి అదో పరీక్ష. మిగతావాళ్లకు మాత్రం ఇక్కడ అలాంటి మాటలు కుదరవని తెలియాలి.

విజిల్_నా_చేతిలో:
అక్క చెప్పింది సరైన మాట. నేను రెండో ప్రశ్నకు జవాబిస్తాను. మా లీగ్‌కు చాలా ఏళ్లుగా రిఫరీగా ఉన్నాను.

మీ సమస్యలో సగం ఆట నడిపే పద్ధతిలోనే ఉంది. తొమ్మిది మంది ఉన్నప్పుడు ఆరుగురిని ఆడించి ముగ్గురిని అవసరమైతే దింపుతుంటే, దిగిన ప్రతివాడూ తప్పు చేస్తే బయటికే అనే భయంతో ఆడతాడు. దానికి బదులు అందరినీ రొటేషన్‌లో పెట్టండి. సర్వీస్ మీకు తిరిగి వచ్చినప్పుడల్లా ముందు వరస కుడి వైపు మనిషి బయటికి వెళ్తాడు, బయట వరసలో మొదటివాడు వచ్చి సర్వీస్ చేస్తాడు. ఎవరిని తీయాలి, ఎవరిని ఉంచాలి అన్న మాటే రాదు. లిఫ్టింగ్ ఎవరిదని గొడవ లేకుండా, ముందు వరస మధ్యలో ఎవరుంటే వాళ్లే లిఫ్ట్ చేయాలి. ఇంకోటి, ఒక మనిషికి వరసగా ఐదు సర్వీసుల కంటే ఎక్కువ ఇవ్వం. ఐదూ పాయింట్లే అయినా సర్వీస్ అవతలి జట్టుకు వెళ్తుంది. ఒకే సర్వర్ ఒకే పిల్లవాడి మీద పది పాయింట్లు తీసే పని ఉండదు.

ఇదేం ఆట అనేవాళ్లు ఉంటారు. వాళ్లకు నేను 1895 సంగతి చెబుతాను. అమెరికాలో హోల్యోక్ పట్టణంలోని వై.ఎం.సి.ఎ.లో (క్రైస్తవ యువకుల సంఘం) విలియం మోర్గన్ ఈ ఆటను తయారుచేసింది, బాస్కెట్‌బాల్ మరీ దూకుడుగా ఉందనుకున్న నడివయసు ఉద్యోగులు, వ్యాపారుల కోసం. అప్పట్లో నెట్ ఎత్తు ఆరున్నర అడుగులు, అంటే 2 మీటర్లు కూడా లేదు. ఒక వైపు ఎంతమందైనా ఆడొచ్చు. ఇప్పుడున్న ఆరుగురి లెక్క, మగవాళ్లకు 2.43 మీటర్ల నెట్ తర్వాత వచ్చినవే. అందరినీ ఆడించడం ఈ ఆటకు కొత్తేం కాదు.

స్మాష్_కొట్టాలి:
నాది కాస్త వేరే అభిప్రాయం. ఐదు సర్వీసుల నియమం మా దగ్గర పెట్టాక ఇద్దరు మంచి ఆటగాళ్లు రావడం మానేశారు. వాళ్లూ సంఘస్తులే కదా. వీలైతే ఇలా ఆడే సాయంత్రాలు వేరు, గట్టిగా ఆడే సాయంత్రాలు వేరు పెట్టండి.

పాస్_ముందు:
బ్రదర్, మీరు రాసిన దాంట్లో నాకు ఒక మాట దగ్గర ఆగాల్సి వచ్చింది. "వాడు అసలు కదల్లేదు, బంతి ఇద్దరి మధ్య పడింది." పిల్లలకు నేర్పిస్తుంటాను కాబట్టి చెబుతున్నాను, అది చేతకాకపోవడం కాకపోవచ్చు. ఒక బంతి పోగొట్టుకున్నవాడు రెండోది పక్కవాళ్లు తీసుకుంటారులే అనుకుంటాడు. పక్కవాళ్లు వాడిదే అనుకుంటారు. "నాది" అని ఎవరూ అనలేదు. ఆ మాట అనాలని వాడికి ఎవరైనా నేర్పారా?

మొదటి బంతి మణికట్టుకు తగిలిందంటే చేతులు ఆలస్యంగా కలిపాడు. దానికి మందు సర్వీస్ కాదు. మూడు మీటర్ల దూరంలో నిలబడి కింద నుంచి మెల్లగా బంతి వేయండి. మోకాళ్లు వంచి, బొటనవేళ్లు పక్కపక్కన పెట్టి, మోచేతులు చాచి, మణికట్టు పైభాగంలో తీసుకోమనండి. చేతులు ఊపకూడదు, కాళ్లతో లేవాలి. ఒక్కసారి అలా కలిపి చాచిన చేతుల ప్లాట్‌ఫామ్ మీద బంతి మెత్తగా లేచి లిఫ్టర్ దగ్గరికి వస్తే ఆ చప్పుడే వేరు. అది వాడికి వినిపించాలి.

లిఫ్టర్41:
అందరికీ కృతజ్ఞతలు. బుధవారం ట్యూషన్ నుంచి వస్తుంటే కలిశాను. "నేనన్న మాట తప్పు, నువ్వు కాదు" అన్నాను, అంతే. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "రెండో బంతి టీచర్ తీసుకుంటారనుకున్నాను అన్నా" అన్నాడు. పాస్_ముందు బ్రదర్, మీరు చెప్పిందే. నేను నెట్ వైపు తిరిగి ఉన్నాను, వెనక ఏం జరిగిందో చూడకుండానే అరిచాను.

నిన్న వాడు, నేను, టీచరు గారు ముగ్గురమే వెళ్లి గంటసేపు పాసులు వేసుకున్నాం. ముందు "నాది" అనడానికే సిగ్గుపడ్డాడు. చివర్లో టీచరు గారి ముందుకు వచ్చి మరీ అరిచి తీసుకున్నాడు. మ్యాచ్‌కు వస్తావా అని నేను అడగలేదు. జట్టుకు మాత్రం ఈ శనివారం చెబుతాను.

విజిల్ అన్నా, ఒక సందేహం. తొమ్మిది మందితో తిప్పితే ప్రతివాళ్లూ మూడు రొటేషన్లు బయట ఉండాలి, నాతో సహా. అది నాకు సమ్మతమే. వాడు సర్వీస్ బాగా చేస్తాడు, కాబట్టి సర్వీస్‌తోనే లోపలికి రావడం వాడికి మంచిది. కానీ మా క్వైర్ అక్కకు ఓవర్‌హ్యాండ్ (తల పైనుంచి కొట్టే) సర్వీస్ నెట్ దాటదు. అండర్‌హ్యాండ్ (కింద నుంచి) వేసేవాళ్లను మీ దగ్గర సర్వీస్ గీత దాటి కాస్త ముందుకొచ్చి వేయనిస్తారా? ఎంత దూరం వరకు?